ముంజేతి మీద సుబ్బులు

రామభద్రరావుకి తన భార్య చేతి మీది పచ్చబొట్టంటే వల్లమాలిన గర్వం. ఎడమ మణికట్టుకి నాలుగు వేళ్ళ పైన, కాస్త వంకరగా, 'రామ' అని రెండే అక్షరాలు. యాభై ఏళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తలో అది చూసి ఆయన ఉబ్బితబ్బిబ్బయిపోయాడు.

"నా పేరే! మరి మిగతాదేమయింది?" అని అడిగితే సుబ్బులు తల వంచుకుని, "నొప్పి ఓర్చుకోలేకపోయాను. అక్కడితో ఆపేశారు" అంది.

ఆయనకి ఆ మాట చాలు. రాణీగంజ్‌లో పంపుసెట్ల దుకాణం నడిపినన్నాళ్ళూ, మోటారు కొనడానికి వచ్చిన రైతుకీ, టీ తాగడానికి వచ్చిన పక్క షాపతనికీ ఒకటే కథ. "నా మొహం కూడా చూడకుండా నా పేరు పొడిపించుకుందయ్యా మా ఆవిడ. ఈ కాలం పిల్లలకి ఉందా అంత ధైర్యం?" ఇప్పుడు ఆ దుకాణం కొడుకు విశ్వతేజ చూసుకుంటున్నాడు. కథ మాత్రం ఆయన ఎవరికీ అప్పగించలేదు.

మల్కాజ్‌గిరిలో ఫంక్షన్ హాలు మాట్లాడి కొడుకు అమ్మానాన్నల యాభయ్యో పెళ్ళిరోజు జరిపించినప్పుడూ అంతే. మైకు చేతికి రాగానే రామభద్రరావు పచ్చబొట్టు సంగతి ఎత్తుకున్నాడు. చప్పట్లు ఆగాక ముందు వరుసలోంచి మనవరాలు సింధూర లేచింది.

"తాతయ్యా, మరి నీ చేతి మీద నానమ్మ పేరేదీ?"

హాలంతా గొల్లుమంది. ఆయన పక్కకి చూస్తే సుబ్బులు కూడా పట్టుకొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. రోషం ముంచుకొచ్చింది.

"వారం తిరక్కుండా వేయించుకుంటాను. అందరూ వచ్చి చూసుకోండి!" అనేశాడు మైకులోనే.

మూడో రోజు ఎవరికీ చెప్పకుండా, స్టేషన్‌కి వెళ్ళే దారిలో మేడ మీదున్న టాటూ షాపు మెట్లెక్కాడు. ఆ షాపు కుర్రాడి పేరు యుగంధర్. మెడ మీద నోరు తెరిచిన పులి, మాట మాత్రం మెత్తన. చేతిలో మిషను ఝుమ్మని మోగుతుంటే రామభద్రరావుకి అరికాళ్ళలో చెమట పట్టింది.

"కూసోండి అంకుల్. ముందుగాల చెప్పున్రి, షుగరున్నదా? గోలీలేమన్న ఏసుకుంటున్నరా?"

"గుండెకి స్టెంట్ వేశారు. రక్తం పల్చబడడానికి రోజూ ఒక మాత్ర."

యుగంధర్ మిషను ఆపేశాడు. "గట్లయితే నేను ఎయ్య అంకుల్. రక్తం ఆగకపోతే మీరూ పరేషాన్, నేనూ పరేషాన్. మీ డాక్టర్‌ని అడిగి రాపిచ్చుకరాండ్రి, అప్పుడు చూద్దాం."

రామభద్రరావు పైకి నిట్టూర్చాడు గానీ, లోపల ఆ కుర్రాణ్ణి కావలించుకోవాలనిపించింది. కానీ వారంలో నాలుగు రోజులే మిగిలాయి. డాక్టర్ ఏమంటాడో తెలిసిందే. ఆయన మొహం చూసి యుగంధర్ కిందికి వేలు చూపించాడు. "మెట్ల కింద లోవలక్ష్మక్క ఉంటది. మెహందీతోని రాస్తది. సూది లేదు, తక్లీఫ్ లేదు. అడుగున్రి జెర."

మగవాడై ఉండి గోరింటాకా! అయినా కాళ్ళు మెట్లు దిగి అక్కడికే తీసుకెళ్ళాయి. లోవలక్ష్మిది అనకాపల్లి వైపు. పన్నెండేళ్ళుగా ఆ మెట్ల కిందే రెండు స్టూళ్ళు వేసుకుని పెళ్ళికూతుళ్ళ చేతులు నింపుతోంది. రామభద్రరావు గోడ వైపు తిరిగి కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"ఏటి పేరు రాయాలి బాబాయిగోరూ?"

"సుబ్బులు."

"పేరొక్కటేనా? పక్కన చిన్న నెమలినెడతాను, బాగుంటాది."

"నెమలీ వద్దు, హంసా వద్దు. పచ్చబొట్టులా ఉండాలి, అంతే."

కోను కొసతో ఆమె నిమిషంలో రాసేసింది. "మూడు గంటలు తడి తగలనీకండి. అరిసేతిలో అయితే నల్లగా పండును గానీ, ఇక్కడ వారం, మా గొప్పయితే పది రోజులు. ఆ మీదట ఎలిసిపోద్ది."

ఆ మూడు గంటలూ ఆయన మల్కాజ్‌గిరి స్టేషన్ బెంచీ మీద, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వచ్చే పోయే లోకల్ రైళ్ళు చూస్తూ కూర్చున్నాడు. మర్నాటికి 'సుబ్బులు' ఎర్రగా, నిండుగా పండింది.

సుబ్బులు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది. "నొప్పెట్టిందా?"

"చీమ కుట్టినట్టు."

"ఎర్రగా ఉందేం?"

"ఇప్పుడు రంగుల్లో వేస్తున్నారు."

"ఓహో" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. సింధూర ఫోటో తీసి బంధువులందరికీ పంపింది. తణుకు నుంచి బావమరిది ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

అప్పట్నుంచి ప్రతి గురువారం "బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్ళొస్తా, కూరలు చవక" అని ఆయన సంచీ పట్టుకుని బయల్దేరేవాడు. పొద్దున్నే లోవలక్ష్మి దగ్గర రాయించుకోవడం, అది ఆరేదాకా మార్కెట్‌లో చెయ్యి కాస్త ఎత్తిపట్టుకుని తిరగడం. తిరిగినందుకు ఏదో ఒకటి కొనాలి కదా. అక్కడ కిలో లెక్కన ఇచ్చేవాళ్ళు తక్కువ. మొదటి వారం బుట్టెడు టమాటాలు వచ్చాయి, రెండో వారం మూటెడు బీరకాయలు. మూడో వారం క్యాబేజీలు ఆటోలో దిగాయి. సుబ్బులు ఊరగాయలు పెట్టింది, పచ్చళ్ళు చేసింది, ఇరుగుపొరుగుకి పంచింది. ఏమీ అనలేదు. ఒక్కసారి మాత్రం అన్నం వడ్డిస్తూ ఆయన చెయ్యి పట్టుకుని, "పోయిన వారం ఈ 'బ' కింద వత్తు పొట్టిగా ఉండేది. ఇప్పుడు తోక పెరిగిందేంటండీ?" అంది.

"చర్మం సాగి ఉంటుంది" అన్నాడాయన. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

అయిదో గురువారం మెట్ల కింద రెండు స్టూళ్ళూ బోర్లించి ఉన్నాయి. "పెండ్లిళ్ళ సీజన్ కదా అంకుల్, అక్క బేగంపేట హోటల్‌ల ఉన్నది. ఆదివారందాంక రాదు" అన్నాడు యుగంధర్ పైనుంచి. రామభద్రరావు చెయ్యి చూసుకున్నాడు. 'సు' కొమ్ము పోయింది. చివరి 'లు' ఉందా లేదా అన్నట్టుంది. నడిమధ్య అక్షరం ఒక్కటే తుప్పు మరకలా మిగిలింది.

ఆరోజు మార్కెట్‌కి వెళ్ళబుద్ధి కాలేదు. ఎండలో ఫుల్ చేతుల చొక్కా గుండీలు బిగించుకుని ఇంటికొచ్చి, హాల్లో కుర్చీలో కూలబడ్డాడు. సుబ్బులు మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, ఫ్రిజ్ తలుపు తీసింది. కూరల అరలోంచి ఏదో తీసుకుని వచ్చి ఎదురుగా పీట వాల్చుకుంది. చూస్తే, గోరింటాకు కోను!

"ఇంకో మూట కూరగాయలు ఈ గడప దాటితే నేను తణుకు వెళ్ళిపోతాను. చెయ్యి ఇలా ఇవ్వండి."

"నీకు... ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. గోరింటాకులో కలిపే నీలగిరి తైలం వాసన పట్టలేనా? ఎన్ని అట్లతద్దెలకి పెట్టుకున్నాను!"

రామభద్రరావు తల దించుకున్నాడు. మందుల సంగతి, యుగంధర్ వెయ్యననడం, లోవలక్ష్మి, అంతా చెప్పేశాడు. "నువ్వు నాకోసం సూది పోట్లు పడ్డావు. నేను ఆకు పసరుతో నిన్ను మోసం చేశాను. ఊరందరి ముందూ గొప్పలు పోయాను. సిగ్గుగా ఉంది సుబ్బులూ."

ఆయన కళ్ళలో నీళ్ళు చూసేసరికి సుబ్బులు చేతిలో కోను ఆగిపోయింది.

"ఏవండీ, ఇది మీ పేరు కాదు."

"ఏది?"

"ఈ పచ్చబొట్టు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మమ్మ అంతర్వేది తీర్థంలో పొడిపించింది. దేవుడి పేరు ఒంటి మీద ఉంటే మంచిదని 'రామ రామ' అని రెండుసార్లు పొడవమంది. ఒక్కసారికే నేను తీర్థమంతా వినపడేలా ఏడిచాను. ఆపేశారు."

రాణీగంజ్ రైతులు, టీ కొట్టు స్నేహితులు, ఫంక్షన్ హాలు చప్పట్లు వరసగా రామభద్రరావు కళ్ళ ముందు తిరిగాయి.

"మరి పెళ్ళయిన కొత్తలో అడిగితే..."

"'నా పేరే' అని మీరే అన్నారు. నేను అవునన్నానా? నొప్పికి ఆపేశారన్నాను. అది నిజమే కదా! మీ మొహం అలా వెలిగిపోతుంటే కాదనడానికి మనసొప్పలేదు. ఆ తర్వాత చెబుదామనుకునేసరికి ఊరంతా చెప్పేసి వచ్చారు."

ఆయన కోపం తెచ్చుకుందామని గట్టిగానే ప్రయత్నించాడు. రాలేదు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, ఆ తర్వాత నవ్వు పగలబడి వచ్చింది. సుబ్బులుకీ ఆగలేదు. నవ్వుతూనే రాయడం వల్ల ఆయన చేతి మీద 'సుబ్బులు' మోచేతి దాకా పాకింది.

ఆదివారం ఇద్దరూ కలిసి మెట్ల కిందకి వెళ్ళారు. ఈసారి రామభద్రరావు గోడ వైపు తిరగలేదు. భార్య చెయ్యి చూపించి, "'రామ' పక్కన 'భద్రరావు' చేర్చమ్మా" అన్నాడు.

లోవలక్ష్మి ఆ పాత అక్షరాల వంకర చూసి, తన అక్షరాలు కూడా అదే వంకరలో దించింది. మర్నాటికి ఆకుపచ్చ రాముడి పక్కన ఎర్రటి భద్రరావు పండాడు.

"పది రోజులకి మీరు పోతారు, దేవుడు ఉంటాడు" అంది సుబ్బులు.

"పోతే మళ్ళీ రాయించుకో."

"అది మీ నడవడిక బట్టి ఉంటుంది."

ఉత్త మాట కాదది. ఆ నెలలోనే, పెట్టెలో దాచిన ఆమె పెళ్ళి చీరని పొరపాటున పాత బట్టల మూటలో కట్టి స్టీలు సామాన్లవాడికి ఇచ్చేశాడాయన. ఆ చీర మళ్ళీ దొరికి, ఇస్త్రీ అయి, పెట్టెలోకి చేరేదాకా, పదిహేడు రోజుల పాటు, సుబ్బులు చేతి మీద ఒక్క రాముడే ఉన్నాడు.