పసుపురాయి ప్రయాణం

అది పంతొమ్మిది వందల అరవై రెండు. కరుణాకుమారి కావలి కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పడానికి చేరి ఏడాదైంది. పిల్లలకు లైకెన్లను బొమ్మల్లో కాదు, రాతిమీదే చూపించాలని ఆమె ఆశ. సముద్రం వైపు ఒక ఊళ్లో రంగనాయకులు అనే రైతు బావికోసం పొలంలోని బండ కొట్టిస్తున్నాడని తెలిసి, ఆదివారం చర్చిలో ఆరాధన ముగియగానే బస్సెక్కింది.

బండనిండా పసుపు, నారింజరంగు లైకెన్ పొరలు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. చాకు తీసి గీకింది. పొడి రాలిందే తప్ప పెచ్చు ఊడలేదు.

"ఏందమ్మా, బండకు గజ్జి పట్టిందా? గీకతా ఉండావు!" అన్నాడు రంగనాయకులు.

"గజ్జి కాదన్నా, ప్రాణమున్నదే. నాచూ బూజూ కలిసి కాపురం పెట్టినాయి. రాయిని వదిలి రావు."

"అట్లయితే రాయితోనే తీసకపో!"

నవ్వుతూనే మనుషుల చేత ఒక పలక చీల్పించాడు. తన బండిలో గడ్డి పరిచి, దానిమీద పెట్టించి, తనే ఎడ్లను తోలాడు. కరుణాకుమారి రాయి పక్కనే కూర్చుంది.

పసుపురాయి బండిమీద వస్తోందన్న కబురు ముందే చేరిందేమో, దారిలో ఒక ఊరి మొగదల ఆడవాళ్లు బండికి అడ్డం నిలబడ్డారు. ముందు పెద్దావిడ పెంచలమ్మ; అందరి చేతుల్లో పసుపునీళ్ల చెంబులు, అరటిపళ్లు.

"పోలేరమ్మ తల్లిని ఏ ఊళ్లో నిలబెడతా ఉండారు?"

రంగనాయకులు మీసం కింద నవ్వు దాచుకుని ఎడ్ల తోకలకేసి చూశాడు. కరుణాకుమారి చెంబుల వైపు చూసింది. పసుపు పడితే అంతా పాడవుతుంది. వద్దంటే వీళ్ల మనసు నొచ్చుకుంటుంది. బండి దిగి, సంచిలోంచి భూతద్దం తీసి పెంచలమ్మ చేతికిచ్చింది.

"ముందు దీంట్లోంచి చూడమ్మా."

పెంచలమ్మ వంగింది. చాలాసేపు లేవలేదు.

"ఓయమ్మా! రాతినిండా గిన్నెలే! చీమలు వంట చేసుకునేంత గిన్నెలు!"

అంతే, చెంబులు కింద పెట్టి అందరూ ఎగబడ్డారు. అద్దం చేతులు మారింది.

"అయితే అమ్మవారు కాదా?" అని అడిగింది ఒకామె చివరికి.

"కాదమ్మా. కావలి కాలేజీలో పిల్లలకు పాఠం చెప్పను తీసుకుపోతా ఉండాను," అంది కరుణాకుమారి మెల్లగా.

అందరూ పెంచలమ్మ ముఖం చూశారు. ఆమె రాయిని మరోసారి చూసి, "ఇది తన పసుపు తనే పూసుకొని ఉండాది. మనం పూస్తే ఈ సొగసంతా కప్పేసినట్టే. ఆ అరటిపళ్లు ఇట్లా తేండి, పంతులమ్మకు పెడదాం. ఎప్పుడు తినిందో ఏమో," అంది.

కరుణాకుమారి పకపకా నవ్వింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అప్పుడే గుర్తొచ్చింది. రెండు పళ్లు తను తిని, రెండు రంగనాయకులుకిచ్చింది.

మర్నాడు కాలేజీ పెరట్లో, బాగా ఎండ తగిలేచోట, రాయిని దింపించింది. క్లాసు మొదలయ్యేసరికి గేటు దగ్గర సందడి. పెంచలమ్మ మరో నలుగురిని వెంటబెట్టుకుని బస్సులో వచ్చేసింది.

"అద్దం ఏదమ్మా? వీళ్లు నిన్న చూళ్లేదు!"

పిల్లలు జరిగి వాళ్లకు చోటిచ్చారు. కరుణాకుమారి ఆ వేళ పాఠాన్ని గిన్నెల దగ్గర మొదలుపెట్టింది.