డ్రిల్లు టీచరు అంకెలు

మా అత్తయ్యకు రెండు మూత్రపిండాలూ చెడిపోయాక, వారానికి మూడు రోజులు ఆవిడను ఆసుపత్రికి తీసుకువెళ్లే పని నా మీద పడింది. నాది కుట్టుపని. ఆ మూడు రోజులూ మధ్యాహ్నం దాటాకే దుకాణం తెరిచేదాన్ని. మా ఆయనకు ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు. పైగా రక్తం చూస్తే ఆయనకు కళ్లు తిరుగుతాయి. నాకూ తిరుగుతాయి గానీ, ఇద్దరికీ తిరిగితే అత్తయ్యను తీసుకెళ్లేదెవరు?

డయాలసిస్ గది రెండో అంతస్తులో ఉండేది. ఎనిమిది మంచాలు, ఒక్కో మంచం పక్కన ఒక్కో మిషను. చేతిలో గుచ్చిన సూది నుంచి రక్తం ఒక గొట్టంలో బయటికి వస్తుంది. మిషనులో శుభ్రపడి ఇంకో గొట్టంలో తిరిగి ఒంట్లోకి పోతుంది. మిషను ముందు భాగంలో అరచేయంత చక్రం ఒకటి ఆగకుండా తిరుగుతూ ఆ రక్తాన్ని తోస్తుంది; దాన్నే పంపు అంటారు. నాలుగు గంటలపాటు అది తిరుగుతూనే ఉండాలి. మొదటి వారమంతా నేను దానివైపు చూడకుండా కిటికీలోంచి ఎదురింటి మేడమీద ఆరేసిన దుప్పట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

కిటికీ దగ్గర రెండు పాత మిషన్లుండేవి. ఒకటి మా అత్తయ్యది. రెండోది డ్రిల్లు టీచరుది.

ఆవిడ అసలు పేరు రిజిస్టరులో ఉండే ఉంటుంది. గదిలో అందరికీ డ్రిల్లు టీచరే. అరవై దాటిన మనిషి. గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోతుందేమో అన్నంత బక్కగా ఉండేది. గొంతు మాత్రం మైదానానికి అవతలి కొసన ఉన్నవాళ్లకు కూడా వినపడేది. ముప్పై ఏళ్లు ఆడపిల్లల బడిలో ఆటలు నేర్పిందట. పదకొండేళ్లుగా డయాలసిస్ మీద బతుకుతోంది. వెంట ఎవరూ వచ్చేవారు కారు. బస్సెక్కి తనే వచ్చేది, తనే వెళ్లేది.

మూడో వారంలో మా అత్తయ్య చేతులెత్తేసింది. "ఇక నావల్ల కాదే. నన్ను ఇంట్లో పడుకోబెట్టెయ్. ఎన్నాళ్లుంటే అన్నాళ్లు" అని గోడవైపు తిరిగి ఏడ్చింది.

పక్క మంచం మీంచి టీచరు తల తిప్పింది. "ఏమండోయ్, మానేసేటట్టయితే సోమవారం నుంచి మానెయ్యండి. ఇవాళ ఎలాగూ వచ్చేశారుగా!"

అత్తయ్య ఏడుపు మధ్యలోనే నవ్వింది. సోమవారం రాగానే టీచరు, "సోమవారం పూట అంత పెద్ద నిర్ణయాలు వద్దండీ, బుధవారం చూద్దాం" అంది. అలా బుధవారాలు, శుక్రవారాలు గడిచిపోయాయి. కొత్తగా వచ్చి భయంతో బిగుసుకుపోయిన ప్రతివాళ్లకూ ఆవిడ ఇలాంటిదేదో ఒకటి చెప్పేది. ఎవరికి ఏం చెబితే పనిచేస్తుందో ఆవిడకు తెలుసు.

మూడు నెలలు నిండాక ఒక బుధవారం, పొద్దుటినుంచీ కుండపోతగా వాన. గదిలో నర్సు ఒక్కతే ఉంది. చేరి మూడు వారాలైంది. పెద్ద సిస్టరూ, మిషన్లు చూసే మెకానిక్కూ కింది అంతస్తు నుంచి సెలైన్ పెట్టెలు తేవడానికి లిఫ్టులో వెళ్లారు. పది దాటిందేమో, కరెంటు పోయింది.

ఇది మాకు మామూలే. ఒక నిమిషంలో జనరేటరు అందుకుంటుంది. ఆ రోజూ అందుకుంది. కానీ రెండు నిమిషాలు గుర్రుమని, దగ్గి, ఆగిపోయింది. జనరేటరు గదిలోకి వాననీళ్లు వచ్చేశాయని తర్వాత తెలిసింది. మెట్లవైపు నుంచి ఎవరో తలుపు బాదుతున్న చప్పుడు, పెద్ద సిస్టరు కేకలు వినిపించాయి. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయింది.

ఆరు కొత్త మిషన్లు బ్యాటరీ మీద నడుస్తున్నాయి. కిటికీ దగ్గర పాతవి రెండూ మాత్రం టక్కున ఆగిపోయాయి. అత్తయ్య గొట్టంలో రక్తం కదలడం లేదు. కొత్త నర్సు గది మధ్యలో నిలబడిపోయింది. పాపం, ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తల్లీ, ఇటు చూడు" అంది డ్రిల్లు టీచరు. కేక వెయ్యలేదు. మామూలు కంటే నెమ్మదిగా అంది. "నా మొహం చూడు. నీకిది నేర్పారు. కరెంటు లేకపోతే ఏం చేస్తారు?"

"చేత్తో... చేత్తో పంపు తిప్పి, సెలైన్ పెట్టి, రక్తం వెనక్కి ఎక్కించాలి."

"శభాష్. మరి ఒక్కదానివి ఎనిమిది పంపులు తిప్పగలవా?"

"లేదు టీచరుగారూ."

"తిప్పొద్దు. తిప్పడానికి మేం మనుషుల్ని తెస్తాం. సెలైన్ పెట్టడం, సూది తియ్యడం నీ వంతు. ఆ రెండే నీ పని. సరేనా?" తర్వాత నావైపు తిరిగింది. "కోడలుపిల్లా, బయట బల్లల మీద కూర్చున్నవాళ్లందరినీ లోపలికి రమ్మను. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని రమ్మను. పరుగెత్తొద్దు. ఒకళ్లు జారిపడితే వాళ్లకు వైద్యం చేసే తీరిక లేదు ఇక్కడ."

ఆ గాభరాలో కూడా ఎవరో కిసుక్కున నవ్వారు. ఐదుగురొచ్చారు. నాతో ఆరుగురం.

ప్రతి మిషను వెనకా పంపు తిప్పే హ్యాండిల్ ఒకటి తగిలించి ఉంటుంది. టీచరు తన సూది లేని చేయి వెనక్కి పెట్టి, తడిమి, తన హ్యాండిల్ తీసుకుంది. నేను అత్తయ్య మిషను వెనక వెతికాను. తగిలించే కొక్కెం ఉంది, హ్యాండిల్ లేదు. ఎప్పుడు పోయిందో, ఎవరు తీశారో! పక్క వరసలోని కొత్త మిషను హ్యాండిల్ పట్టుకొచ్చి పెట్టి చూశాను. పట్టలేదు. కొత్తవాటి గాడి వేరు. అత్తయ్య నోరు తెరిచి నావైపే చూస్తోంది.

"ఇదిగో" అంది టీచరు.

తన హ్యాండిల్ నా చేతికి చాపింది.

"మరి మీకు?"

"ముందు పట్టుకోవే తల్లీ, తర్వాత మాట్లాడుకుందాం."

"కాసేపు అక్కడ, కాసేపు ఇక్కడ తిప్పుతాను టీచరుగారూ..."

"అలా చేస్తే రెండూ పోతాయి. బాణం గుర్తు చూశావా? అటు తిప్పు. కుట్టుమిషను చక్రం తిప్పినట్టే. తొందరపడకు. నేను నాలుగు లెక్కపెట్టేలోపు ఒక్క చుట్టు. అంతకంటే ఎక్కువొద్దు, తక్కువొద్దు. గొట్టంలో గాలిబుడగ కనిపిస్తే ఆపి కేక వెయ్యి."

తర్వాత ఆ గొంతు లేచింది. "ఒకటీ... రెండూ... మూడూ... నాలుగూ!"

నేను తిప్పాను. ఇన్నాళ్లూ చూడకుండా తప్పించుకున్న ఆ ఎర్రటి గొట్టంలోకి కళ్లప్పగించి చూశాను. రక్తం కదిలింది. కళ్లు తిరగలేదు. తిరగడానికి వాటికి తీరిక లేకపోయింది.

కొత్త నర్సు వచ్చి సెలైన్ కలిపింది. ఎరుపు మెల్లగా గులాబీ రంగయింది, గులాబీ తెలుపయింది. అత్తయ్య రక్తమంతా అత్తయ్య ఒంట్లోకి చేరింది. సూదులు తీసి దూది అదిమి పట్టేసరికి పది నిమిషాలు పట్టింది. నేను హ్యాండిల్ పీకి ఒక్క అంగలో టీచరు దగ్గరికి వెళ్లాను.

ఆవిడ తన గొట్టాల మీద దుప్పటి కప్పేసుకుని ఉంది.

"ఇక అక్కర్లేదమ్మాయ్" అంది, నాకొక్కదానికే వినపడేలా. "గడ్డకట్టేసింది. ఇప్పుడు తిప్పితే గడ్డ లోపలికి పోతుంది. గొట్టాల క్లిప్పులు నేనే బిగించేశాను."

నేను దుప్పటి కొస ఎత్తాను. గొట్టంలో ఎరుపు లేదు. నల్లగా, చిక్కగా ఏదో ఉంది. అది ఆవిడ రక్తం. ఒక గ్లాసుడు ఉంటుంది. అసలే రక్తం తక్కువై, మెట్లెక్కితే ఆయాసపడే మనిషి. అది అలా ఆగిపోతుంటే పక్కనే పడుకుని, మాకు ఒకటీ రెండూ అంటూ లెక్కపెట్టింది.

"కప్పెయ్" అంది. "ఆ పిల్ల చూస్తే చేతులు వణుకుతాయి. ఇంకా ఆరుగురున్నారు. నువ్వు ఆ మూల లారీ డ్రైవరు దగ్గరికి వెళ్లు, అతనికెవరూ లేరు. వెళ్లు!"

వెళ్లాను. అప్పటికి కొత్త మిషన్ల బ్యాటరీలు ఒక్కొక్కటిగా కీచుమంటున్నాయి. ఏది ఆగితే ఆ పక్కనున్నవాళ్లు హ్యాండిల్ అందుకున్నారు. ఒక ముసలాయన భార్యకు తిప్పుతున్నాడు. ఒక కాలేజీ అమ్మాయి తండ్రికి తిప్పుతోంది. లారీ డ్రైవరు, ముప్పై ఏళ్ల మనిషి, పిడికిలి బిగించి కళ్లు మూసుకున్నాడు. "అక్కా, నాకేమైనా అయితే..." అన్నాడు.

"నీకేం కాదు. నోరు మూసుకుని టీచరు లెక్క విను" అన్నాను. అంత ధైర్యం నా నోట్లోకి ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. కాదు, తెలుసు.

ఆ గదిలో కరెంటు లేదు. మబ్బు వెలుతురు తప్ప దీపం లేదు. బయట వాన హోరు. ఆ హోరు మీదుగా ఒక్క గొంతు. ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ. ముసలాయన తొందరపడితే, "పెద్దాయనా, బస్సేం వెళ్లిపోవడం లేదు, నెమ్మది" అనేది. కాలేజీ అమ్మాయి చేయి నొప్పెడుతోందంటే, చెయ్యి మార్చుకునేటప్పుడు ఒక్క చుట్టు కూడా తప్పకుండా ఎలా మార్చుకోవాలో లెక్కలోనే చెప్పింది. "మూడూ, ఎడమచెయ్యి, నాలుగూ!" మేం ఆరుగురం ఒకరినొకరం ఎరగం. కానీ ఆరు చేతులు ఒకే చేయిలా తిరిగాయి. ఇన్నేళ్ల జీవితంలో అలాంటిది మళ్లీ చూడలేదు.

కొత్త నర్సు మంచం మంచానికీ వెళ్లింది. మూడో మంచం దగ్గర టీచరు వైపు చూడకుండానే సూదులు తీసింది. ఐదో మంచం దగ్గర, "ఈయన తర్వాత మీరే, సిద్ధంగా ఉండండి" అని మాకు తనే చెప్పడం మొదలుపెట్టింది. అది విని టీచరు గొంతు తగ్గించింది. ఆఖరి మంచం దగ్గర లెక్క కూడా ఆ పిల్లే పెట్టింది.

ఏడుగురి రక్తమూ ఏడుగురిలోకి చేరింది. అప్పుడు నర్సు కిటికీ దగ్గరికొచ్చి దుప్పటి తీసింది. చూసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"టీచరుగారూ, మొన్న పన్ను పీకించుకున్నారని ఇవాళ మీకు రక్తం పలచబరిచే మందు కూడా ఇవ్వలేదు. నిమిషాల్లో గడ్డకడుతుందని మీకు తెలుసు కదా!"

"తెలుసులే. సూదులు తియ్యి. చెయ్యి పీకుతోంది."

"మరి మీ హ్యాండిల్ ఆవిడకెందుకిచ్చారు?"

టీచరు ఆ ప్రశ్న అర్థం కానట్టు చూసింది. నిజంగానే అర్థం కాలేదనుకుంటాను. "ఆవిడ వచ్చి మూడు నెలలే కదమ్మా. ఇలాంటివి తట్టుకోవడం ఇంకా అలవాటు కాలేదు. నాకు పదకొండేళ్ల అలవాటు."

ఇంకో పావుగంటకు లిఫ్టు తలుపులు గునపంతో తెరిచారు. పెద్ద సిస్టరు చెమటతో తడిసిపోయి, పరుగున వచ్చి, గుమ్మంలో ఆగిపోయింది. ఎనిమిదిమందీ మంచాల మీద ఉన్నారు. ఎవరి చేతికీ సూదులు లేవు. "ఎవరు... ఎవరు చేయించారు ఇదంతా?" అంది.

"ఇదిగో, ఈ పిల్ల" అంది డ్రిల్లు టీచరు, కొత్త నర్సును చూపించి. "మేమంతా తను చెప్పినట్టు చేశాం. మంచి పిల్ల, వదులుకోకండి." అలా అంటూనే తల పక్కకు వాల్చేసింది. బీపీ పడిపోయింది.

ఆ సాయంత్రం ఆవిడకు రక్తం ఎక్కించారు. ఆసుపత్రిలో ఆరు రోజులుంది. మేం వంతులు వేసుకుని పక్కన కూర్చున్నాం. ముసలాయన, కాలేజీ అమ్మాయి, లారీ డ్రైవరు, నేను. లారీ డ్రైవరు తనకు డయాలసిస్ లేని రోజుల్లో కూడా వచ్చి కూర్చునేవాడు. మా అత్తయ్య అయితే తనను మంచం పక్కన కుర్చీలో కూర్చోబెట్టేదాకా నన్ను వదల్లేదు. కూర్చోగానే టీచరు చేయి పట్టుకుని, "నేను మానేస్తానన్న మాట మర్చిపోండి" అంది.

"ఏ మాట?" అంది టీచరు.

నెల తర్వాత ఆసుపత్రివాళ్లు ఒక ఏర్పాటు చేశారు. అన్ని మిషన్లకూ హ్యాండిళ్లు వచ్చాయి. రోగుల వెంట వచ్చేవాళ్లందరికీ పంపు తిప్పడం నేర్పాలన్నారు. నేర్పింది కొత్త నర్సే. మేమంతా ఖాళీ మిషను చుట్టూ నిలబడ్డాం. టీచరును కూడా పిలిచి, ముందు వరసలో కుర్చీ వేశారు. ఆవిడ అప్పటికింకా పూర్తిగా కోలుకోలేదు. గోడ పట్టుకుని నడుస్తోంది.

నర్సు బాణం గుర్తు చూపించింది, గాలిబుడగ సంగతి చెప్పింది, హ్యాండిల్ తగిలించి లెక్క మొదలుపెట్టింది. సగంలో ఆగింది. అందరం ఆమె చూస్తున్న వైపు చూశాం. డ్రిల్లు టీచరు కుర్చీలో తల వెనక్కి వాల్చి, నోరు కాస్త తెరిచి, హాయిగా నిద్రపోతోంది.

నర్సు గొంతు తగ్గించి, గుసగుసగా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. మేం చప్పుడు చేయకుండా నేర్చుకున్నాం.