నా మాట కూడా చెప్పు

ఆ ఇంట్లో ఎవరు గడప దాటుతున్నా పెద్ద కోడలికి ఒక పని అప్పజెప్పి మరీ దాటేవారు. "నా మాట కూడా చెప్పు" అని. దేవుడితో చెప్పమని. మొగుడికి ప్రమోషన్, మరిదికి ఇంటర్వ్యూ, మామగారికి మోకాళ్ళు, అత్తగారికి నిద్ర. చొక్కాలు ఇస్త్రీ చేస్తూనో గిన్నెలు తోముతూనో ఆమె అందరి మాటలూ గుర్తుపెట్టుకునేది. పని తెమిలాక దేవుడి మూలన కూర్చుని ఒక్కొక్కటే చెప్పేది. తన మాట దగ్గరికి వచ్చేసరికి పొయ్యి మీద ఏదో ఒకటి పొంగేది.

"నీకేం వదినా, ఇంటిపట్టున కూర్చుని దేవుడితో కబుర్లు. చచ్చేది మేమే" అని మరిది నవ్వేవాడు.

తన మాట ఒక్కసారే చెప్పుకుంది. ఆరేళ్ళ కిందట. రెండేళ్ళ కూతురి ఒళ్ళు పెనంలా కాలిపోతుంటే, ఆసుపత్రికి తీసుకెళ్దామని మొగుణ్ణి బతిమాలింది. "అమ్మనడుగు" అన్నాడు, చేతిలో పేపరు దించకుండానే.

"జ్వరానికే ఆసుపత్రా? మేం పిల్లల్ని కనలేదూ పెంచలేదూ? పోయి దేవుడికి చెప్పు. గట్టిగా అడిగితే అదే దిగుతుంది" అంది అత్తగారు.

అడిగింది. మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ దాకా అడిగింది. లేచి వెళ్ళి ముట్టుకుంటే పిల్ల ఒళ్ళు చల్లగా ఉంది. జ్వరం దిగిందనుకుని సంబరంగా ఎత్తుకుంది.

పరామర్శకు వచ్చినవాళ్ళతో అత్తగారు అన్న మాట వంటింట్లోకి వినపడింది. "దీని మనసు నిలవలేదమ్మా. సగం మనసుతో అడిగితే ఆయన వింటాడా?"

నిజమేనేమో అనుకుంది ఆమె. పిల్ల మూలిగినప్పుడు రెండుసార్లు తల తిప్పి చూసింది మరి. ఆ రెండు చూపులే పిల్లని మింగేశాయనుకుంది. అప్పట్నుంచి తన మాటని నోటిదాకా రానివ్వలేదు.

ఇవాళ మరిది కూతురికి జ్వరం. తోడికోడలు ఆఫీసులో ఉంది. పిల్ల కళ్ళు తేలేస్తోంది.

"వెళ్ళి కూర్చో. ఈసారన్నా మనసు పెట్టి అడుగు" అంది అత్తగారు.

పెద్ద కోడలు ఇస్త్రీపెట్టె ఆపింది. పిల్లని భుజాన వేసుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"ఎక్కడికే? వాళ్ళ నాన్నకి చెప్పొద్దూ?"

"ఆసుపత్రికి. ఈసారి మీరు అడగండి అత్తయ్యా. మీ మనసైతే నిలుస్తుంది."

ఆసుపత్రిలో సూది వేశారు, సెలైన్ పెట్టారు, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచారు. గంట గడిచాక నర్సు బయటికొచ్చింది. "ఇక భయం లేదమ్మా. వేళకి తెచ్చావు, అంతే."

అంతే.

ఆమె గోడ పట్టుకుని వరండాలో, నడిచేవాళ్ళ కాళ్ళ మధ్యే కూలబడింది. దీపం లేదు, మూల లేదు, కాళ్ళకి చెప్పులన్నా విప్పలేదు. కళ్ళు మూసుకుంది. ఎవరి మాటా గుర్తు రాలేదు.

"ఆ రోజు నేను సరిగ్గానే అడిగాను కదూ" అంది.