దవడ సాక్ష్యం

విశ్వాసమ్మకు ఎడమ దవడ నొప్పి వచ్చి రెండేళ్లయింది. అదొక తంటా అయితే, దానికంటే పెద్ద తంటా ఇంకోటి ఉండాది. ఆ నొప్పి పోయిందని ఆమె ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారం నాడు చర్చిలో అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పేసింది.

అబద్ధమేం చెప్పలేదు, పాపం. ఆత్మకూరులో పళ్ల డాక్టరు రెండో పన్ను పీకినాక పది దినాలు నిజంగానే హాయిగా ఉండింది. ప్రభువు ముట్టినాడనుకుంది, లేచి చెప్పింది, అందరూ సంతోషపడినారు. పదకొండో దినం పొద్దున సంగటి ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో, వచ్చింది చూడండి నొప్పి, చెవి దాకా గుంజిపారేసింది. సంగటి నమిలేది గాదు, మింగేది. మింగినా నొస్తాంటే ఇంక మనిషి ఏం తినాల?

ఇంకొకరైతే మళ్లీ వచ్చిందమ్మో అని నలుగురికీ చెప్పుకొని ఏడ్చేవాళ్లు. ఈమె ఎట్ల చెప్తుంది? సాక్ష్యం చెప్పిన మనిషి వెనక్కి తీసుకుంటే ఊరుకుంటారా? పేరుకే విశ్వాసమ్మ, లోపల అంతా డొల్ల అంటారు. అందుకని దాచింది. చర్చిలో పాటప్పుడు ఉత్త పెదాలు కదిలించేది. దవడ ఎట్లుండాదమ్మా అని ఎవరన్నా అడిగితే పళ్లు బిగబట్టి నవ్వేది. బిగబట్టే కొద్దీ ఇంకా నొచ్చేది. కోడలు జెస్సీకి మాత్రం తెలుసు, ఒకే ఇంట్లో తిరిగే మనిషికి ఏం దాస్తాం.

ఇట్ల ఆరు నెలలు నెట్టుకొచ్చింది. అప్పుడు పాస్టరు లేవి అయ్యగారు ఒక ఆదివారం చల్లగా చెప్పినాడు, వచ్చే శనివారం సాయంత్రం పెద్ద స్వస్థత కూటం, చుట్టుపక్కల ఊర్లన్నీ వస్తాయి, విశ్వాసమ్మ మైకులో సాక్ష్యం చెప్పాల అని. ఆమెకు మూడు దినాలు అన్నం సయించలేదు. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టింది. పోయినసారి పన్ను పీకితే పది దినాలు నొప్పి లేదు గదా, శనివారం లోపల ఇంకోటి పీకించుకుంటే మైకు ముందర చెప్పేది నిజమైపోతుంది. ఏం తెలివి, ఏం తెలివి! కూటానికొక పన్ను చొప్పున పోతే నోట్లో ఏం మిగుల్తుందో మాత్రం తోచలేదు మహాతల్లికి.

జెస్సీ ససేమిరా అంది. బుధవారం అత్తను బస్సెక్కించి కర్నూల్లో దవడ నొప్పులే చూసే డాక్టరమ్మ దగ్గరికి పిల్చుకొని పోయింది. డాక్టరమ్మ పేరు శిల్ప. దవడ నొక్కి చూసింది, తెరిపించి మూయించింది, ఎక్స్‌రే దీపానికి అడ్డం పెట్టి శానాసేపు చూసింది. మూడో పన్ను తీసే పనే లేదంది. తీసేసిన రెండూ గూడా మంచివేనేమో అని మెల్లిగా అంది. ఆ తర్వాత అసలు మాట చెప్పింది.

"నొప్పి ఇప్పుడు దవడలో లేదమ్మా. మెదడులో ఉంది."

మెదడులో అంటే ఒకటి పిచ్చి, లేదంటే గడ్డ. మూడోది విశ్వాసమ్మకు తెలియదు.

"అంటే ఊరికే నొస్తాండాదని నేనే అనుకుంటాండానా మేడమ్?"

"కాదు. నీ నొప్పి నిజం" అంది డాక్టరమ్మ. కుర్చీ దగ్గరికి లాక్కొని నిదానంగా చెప్పింది. ఇంటికి ఒకసారి దొంగ వస్తే ఆ తర్వాత కుక్క ఆకు కదిలినా మొరుగుతుంది. దొంగ లేడు, మొరుగుడు మాత్రం నిజమే. మెదడు గూడా అంతే, ఏళ్ల తరబడి నొప్పి మోసి మోసి ఆ దవడకు కాపలా మరిగింది. పన్ను పోయిందన్న నమ్మకానికి పది దినాలు ఊరుకుంది, మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ కాపలాను నెమ్మదిపరచాల. పడుకునే ముందు ఒక చిన్న మాత్ర, వేన్నీళ్ల గుడ్డతో కాపడం, పెదాలు మూసినా పళ్లు ఎడంగా ఉంచుకునే అలవాటు. నెలలు పడుతుంది, పూర్తిగా పోతుందని మాటియ్యలేనంది. భయం ఉన్నన్నాళ్లూ మొరుగుడు ఎక్కువేనంది. దేనికమ్మా పళ్లు అంతగా బిగబడతావని అడిగింది. విశ్వాసమ్మ నేల చూస్తా ఏం లేదు మేడమ్ అంది.

మందుల షాపాయన చీటీ చూసి, ఇది దిగులు జబ్బుకు గూడా ఇస్తారే, ఎవరికి అన్నాడు. ఆ మాటతో మాత్రలు సంచి అడుక్కు పోయినాయి. మూడు దినాలు వాటిని ముట్టలేదు, పళ్లు ఎడం పెట్టలేదు, శనివారం ఎందుకొస్తుందిరా దేవుడా అని ఏడ్చింది.

వచ్చింది శనివారం. టెంటు నిండా జనం. విశ్వాసమ్మ ముందు వరసలో కూచుంది. పక్కన నలభై ఏళ్ల మనిషి, చెంపకు కొంగు అదుముకొని, నువ్వేనా అక్కా దవడ నొప్పి పోయిన విశ్వాసమ్మవి అని అడిగింది. తన పేరు లక్ష్మక్క అని, కల్లూరు నుంచి వచ్చినానని చెప్పింది.

"నీ సంగతి మా చుట్టాలు చెప్పినారక్కా. నేను గూడా మూడు పళ్లు పీకిచ్చుకుంటి. నాకు తగ్గలేదు. నీకున్నంత నమ్మకం నాకు లేదేమో."

అప్పుడే లేవి అయ్యగారు మైకులో విశ్వాసమ్మ పేరు పిలిచినాడు. జెస్సీ వెనక నుంచి వీపు మీద చెయ్యి వేసింది. ఎట్ల లేచిందో, ఎట్ల నడిచిందో తెలియదు, మైకు మాత్రం చేతికొచ్చింది. దవడ సమ్మెట పెట్టి కొట్టినట్టుంది.

"నొప్పి పోయిందని చెప్తి. పది దినాలే పోయినాది" అంది. "మళ్లొచ్చినాది. ఆరు నెలలుగా మీకందరికీ దాచిపెడితి. ఇప్పుడు గూడా నొస్తాండాది. కర్నూల్లో డాక్టరమ్మ మాత్రలిచ్చింది, అవి మింగుతా. పళ్లు పీకిచ్చుకోవద్దండి తల్లీ. నమ్మకం తక్కువై రాలేదు ఈ నొప్పి, నాకూ అట్ల రాలేదు, ఎవురికీ అట్ల రాలేదు."

లేవి అయ్యగారు మైకు కోసం చెయ్యి చాపి, అట్లనే నిలబడిపోయినాడు. ముందు వరసలో లక్ష్మక్క కొంగు తీసేసి, మూడు పళ్లు లేని నోరు బార్లా తెరిచి, అంతమంది ముందర ఏడ్చేసింది.