తొమ్మిదో మెట్టు

వంటింటి సింకులో గోరువెచ్చటి నీళ్లు పట్టి, రెండు చేతులూ మణికట్టు దాకా ముంచి, పిన్ని కళ్లు మూసుకుని నిలబడింది. ముప్పై రెండేళ్లుగా ఆమె రోజు ఇలాగే మొదలవుతుంది. వేళ్ల కణుపులు ఉబ్బాయి. కుడిచేతి చూపుడువేలు కాస్త పక్కకి ఒరిగింది. నీళ్లలో ఆ వేళ్లు మెల్లగా కదులుతున్నాయి, ఏదో పాట వాయిస్తున్నాయి. ఏ పాటో ఆమె పట్టించుకోలేదు. వాటి మానాన వాటిని వదిలేసింది.

"నీళ్లకి సంగీతం నేర్పడం అయిందా? అయితే నాకో గుక్క కాఫీ పడెయ్యి," అంది అత్తగారు కుర్చీలోంచి. ఎనభై నాలుగేళ్ల మనిషి. కళ్లు ఆనవు గానీ చెవులు మాత్రం పాము చెవులు.

"ఇదిగో, ఇచ్చేస్తున్నా అత్తయ్యా."

"ఇవాళ్టితో ఆ గడియారం నాటకం గోల వదిలిపోతుందన్నావుగా?"

"ఆ. ఇవాళ ఆర్కెస్ట్రా వస్తుంది. వాళ్లొచ్చాక ఇక నాతో ఏం పని?"

"రేపు మొదటి ఆటకి నీకో కుర్చీ అయినా వేస్తారా లేదా?"

"వేస్తారు. నేనే వెళ్లను. నా చేతులు ఊరుకోవు, పక్కవాళ్ల తొడ మీద వాయించేస్తాను."

అత్తగారు పళ్లులేని నోటితో నవ్వింది. కొడుకు పోయి పన్నెండేళ్లయినా వాళ్లిద్దరూ ఒకే ఇంట్లో, ఒకరినొకరు దెప్పుకుంటూ హాయిగానే ఉన్నారు. కాఫీ చేతికిచ్చి, శాలువా సర్ది, పిన్ని బస్సెక్కింది.

పిన్ని అన్నది ఆమె పేరు కాదు. ఆ నాటకశాలలో ఆమెకి వేరే పేరుందని తెలిసినవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు, అదీ జీతాల గదిలో. కొత్త సంగీత నాటకం మొదలుపెట్టిన రోజు నుంచి ఆర్కెస్ట్రా వచ్చే రోజు దాకా, ఎనిమిది వారాల పాటు, మొత్తం సంగీతమంతా ఆమె ఒక్కతే. అరిగిపోయిన పియానో ముందు కూర్చుంటుంది. ఎడమచేతి చిటికెనవేలు డోలు, బొటనవేళ్లు వయొలిన్లు, కుడిచేతి చివరి రెండు వేళ్లు వేణువు. పాడేవాళ్లు తప్పితే ఆగుతుంది, "మళ్లీ" అంటే మళ్లీ వాయిస్తుంది, రోజుకి నలభై సార్లు, యాభై సార్లు. ఆర్కెస్ట్రా దిగిన రోజున పియానోని నడవలోకి తోసేసి దుప్పటి కప్పుతారు. ప్రేక్షకుల్లో ఒక్కరు కూడా ఆమె వేళ్ల చప్పుడు ఇంతవరకూ విన్న పాపాన పోలేదు. దానికి ఆమె ఎప్పుడూ బాధపడలేదు. పడలేదనే చెప్పేది, అడిగితే.

ఈసారి మాత్రం కాస్త గుబులుగానే ఉంది. వచ్చే నాటకం నుంచి రికార్డు చేసిన సంగీతంతోనే రిహార్సల్ జరుగుతుందని మేనేజరు పోయిన వారమే చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు, పాపం, రెండుసార్లు దగ్గి మరీ. అంటే ఇవాళ ఈ నాటకానికే కాదు, అన్నింటికీ ఆఖరు.

నాటకం కథ చిన్నది. ఒక ఊళ్లో జనానికి నిద్ర పట్టడం మానేస్తుంది. దర్జీ నిద్రపోడు, పిల్లలు నిద్రపోరు, కుక్కలు కూడా కళ్లు తెరుచుకుని వీధుల్లో తిరుగుతుంటాయి. ఊరి నడుమ ఉన్న పెద్ద గడియారం ఒక్క క్షణం కూడా ఆగకపోవడమే దీనికంతటికీ కారణమని, దాన్ని కనిపెట్టుకుని ఉండే ముసలాయన గ్రహిస్తాడు. చివర్లో పద్నాలుగు మెట్లెక్కుతూ, ఆ గడియారానికి జోల పాడి నిద్రపుచ్చుతాడు.

ఆ ముసలాయన వేషం మావయ్యది. నలభై ఏళ్లు మూడో సైనికుడిగా, గుంపులో పెళ్లివారిగా, తలుపు తీసే నౌకరుగా నిలబడ్డ మనిషికి డెబ్బై ఒకటో ఏట మొదటిసారి ఒక పాట దొరికింది. తన కోసమే రాసిన పాట. బక్కపలచటి మనిషి, మెడ నరాలు తాళ్లలా పైకి తేలి ఉంటాయి, గొంతు మాత్రం పాత పట్టుబట్టలా మెత్తన. నాటకశాలలో అందరూ ఆయన్ని బాబాయ్ అని పిలవబోతే, "ఆవిడ పిన్ని, నేను బాబాయిని అయితే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానిస్తుందా?" అని గోల చేసి మావయ్య అనిపించుకున్నాడు.

పిన్ని వెళ్లేసరికి పియానో అప్పటికే నడవలో ఉంది. స్టూలు కూడా ఎక్కడికో పట్టుకుపోయారు. ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని స్వరాల కాగితాలు ఒళ్లో పెట్టుకుని ఆరో వరసలో కూర్చుంది. వేదిక ముందు గుంటలో ఇరవై ఇద్దరు వాద్యాలు సర్దుకుంటున్నారు. పొగ యంత్రం పరీక్షిస్తున్నారు కాబోలు, తెల్లటి పొగ వేదిక అంచు దాటి, మెత్తగా కుర్చీల మధ్యకి పాకి, ఆమె మోకాళ్ల దాకా వచ్చింది. తన పాదాలు తనకే కనిపించలేదు.

సంగీత దర్శకుడు చెయ్యి ఎత్తాడు. నలభై దాటని మనిషి, సంగీతం రాసింది కూడా అతనే. ఆర్కెస్ట్రాకి స్వరాలు రాసే పనిలో పడి, ఇన్ని వారాలూ రిహార్సళ్లకు అతను వచ్చింది తక్కువ.

చెయ్యి కిందికి దిగింది. అబ్బ! పిన్నికి ఒళ్లు జలదరించింది. ఎనిమిది వారాలుగా తన చిటికెనవేలితో పొడిచిన చోట నిజంగా డోలు మోగింది. తను రెండు స్వరాలతో సరిపెట్టిన చోట వయొలిన్లన్నీ కలిసి లేచాయి. కలలో చూసిన ఇంట్లోకి పట్టపగలు అడుగుపెట్టినట్టుంది. ఇక్కడ కిటికీ ఉండాలి అనుకునేలోగా అక్కడ కిటికీ ఉంటోంది. పొగలో కూర్చుని, తేలిపోతూ, పెదాలు కాస్త తెరిచి, మొదటి అంకమంతా అలాగే వింది. తన పని ఎవరూ వినరన్న మాట తప్పేమో అనిపించింది. ఇదిగో, వింటున్నారు కదా, పెద్ద గొంతుతో.

మధ్యాహ్నం మూడింటికి జోలపాట వచ్చింది.

మావయ్య మెట్ల పక్క కమ్మీ పట్టుకుని మొదటి మెట్టెక్కాడు. "నిదరపో పెద్ద ముల్లూ... నిదరపో చిన్న ముల్లూ..." గొంతు పొగలోంచి వచ్చింది. ఎనిమిది మెట్లు బాగానే సాగింది. తొమ్మిదో మెట్టు దగ్గర ఆయన ఆగాడు. ఆర్కెస్ట్రా ఆగలేదు. ఆయన నోరు తెరిచేసరికి పాట రెండు మెట్లు ముందుకెళ్లిపోయింది.

సంగీత దర్శకుడు చేత్తో అందరినీ ఆపాడు. "మళ్లీ."

మళ్లీ అదే. మూడోసారి మావయ్య ఆగకుండా ఎక్కబోయాడు. పదకొండో మెట్టు మీద ఊపిరందక కూలబడ్డాడు. చెమట పట్టి మొహానికి వేసిన రంగు గీతలుగా కారింది.

"ఇన్నాళ్లూ బాగానే పాడానండీ. ఒక్కసారి కూడా తప్పలేదు. కావాలంటే ఎవర్నైనా అడగండి," అన్నాడు ఆయన.

నాటకం దర్శకురాలు సంగీత దర్శకుడి దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడింది. తగ్గించినా ఆరో వరసకి వినిపించింది. "రేపే మొదటి ఆట. ఆయన్ని కిందే నిలబెడదాం. పాటని దర్జీ వేషం వేసే అతను పాడుతూ ఎక్కుతాడు. అతనికి ఊపిరికి కొదవ లేదు."

వీళ్లేదో వదిలేస్తున్నారు, అనుకుంది పిన్ని. ఎనిమిది తర్వాత ఆ చిన్న మలుపు ఉండాలి కదా, పైనుంచి మెల్లగా జారే నాలుగు బీట్లు, అది మింగేస్తున్నారేంటి? ఒళ్లోని కాగితం తిప్పింది. ఎనిమిదో మెట్టు దగ్గర వేలు పెట్టింది. తర్వాత తొమ్మిది. మధ్యలో ఏమీ లేదు. వెనక్కి తిప్పి చూసింది, వెలుగులోకి ఎత్తి చూసింది. లేదు. ఎప్పుడూ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. మూడో వారం, బాగా ముసురు పట్టిన రోజు. తొమ్మిదో మెట్టు ముందు మావయ్య కమ్మీ మీద చెయ్యి మార్చుకుంటూ ఒక్క క్షణం ఆగిపోయాడు. ఆయన అందుకునేదాకా ఆమె నాలుగు బీట్లు ఊరికే అటూ ఇటూ తిప్పింది. మర్నాడు వేళ్లు తమంతట తామే మళ్లీ తిప్పాయి. ఆ తర్వాత అది పాటలో భాగమైపోయింది. కాగితం ఎవరు చూశారు? ఆమె చూడలేదు, మావయ్యకి స్వరాలు చదవడమే రాదు.

చెబితే ముప్పై రెండేళ్ల మంచి పేరు ఆఖరి రోజున గంగలో కలుస్తుంది. రాసింది రాసినట్టు వాయించడమే కదా ఆమె పని! చెప్పకపోతే ఆయన పాట పోతుంది. కాగితాలు కుర్చీలో పెట్టి లేచింది.

"తప్పు నాదండీ," అంది, గుంట అంచు దాకా వెళ్లి. "అక్కడ నాలుగు బీట్లు నేను కలిపాను. మీరు రాయలేదు. ఆయనకి అలాగే అలవాటైంది."

సంగీత దర్శకుడి మొహం ఎర్రబడింది. "కలిపారా? నన్ను అడక్కుండానా పిన్నిగారూ? ఎవరు కలపమన్నారు మిమ్మల్ని?"

"మెట్లే కలపమన్నాయండి," అంది ఆమె. అనేశాక నాలిక కరుచుకుంది.

అతను గుంటలోంచి పైకెక్కి వచ్చాడు. "రండి, వాయించండి," అన్నాడు.

నడవలో దుప్పటి సగం తొలగించి, నిలబడే వాయించింది. ఎనిమిదో మెట్టు, తర్వాత పైనుంచి జారే నాలుగు బీట్లు, తర్వాత తొమ్మిది. అతను గోడకి ఆనుకుని విన్నాడు.

"చివర ఆ మంద్ర స్వరం దేనికి?"

"ఆయన కుడి మోకాలు బరువు ఆపదండి. ఎడమకాలు ముందు పెడతారు. ఆ అడుగు చప్పుడుకి తోడుగా అది."

అతను జేబులోంచి పెన్సిలు తీశాడు. "ఇంకోసారి," అన్నాడు, ఈసారి మెల్లగా.

ఇరవై ఇద్దరికీ ఆమే చెప్పి రాయించింది. సగానికి సగం మందికి అక్కడ రాయడానికి ఏమీ లేదు, నాలుగు లెక్కపెట్టి ఊరుకోవడమే. స్వరాలు వేణువుకి వెళ్లాయి. వేణువు ఊదే అమ్మాయి పెన్సిలు కొరుకుతూ జాగ్రత్తగా గీసుకుంది.

మావయ్య ఇదంతా మెట్ల మీదే కూర్చుని విన్నాడు. పిన్ని పైకి చూసింది.

"అంటే, నాకు ఊపిరి చాలట్లేదని నీకు తెలుసన్నమాట," అన్నాడు ఆయన. "ఇన్నాళ్లూ చెయ్యి పట్టుకుని ఎక్కించావు. నేనేమో నేనే ఎక్కుతున్నా అనుకున్నా చెల్లెమ్మా."

"నాకూ తెలీదన్నయ్యా. చేతులకి తెలిసింది, అంతే."

ఆయన మొహం తిప్పేసుకున్నాడు. ఆ తిప్పుకోవడం ఆమెకి సూటిగా గుండెల్లో గుచ్చుకుంది. సంగీత దర్శకుడి కోపం దాని ముందు ఏపాటిది!

మళ్లీ పొగ వదిలారు. పిన్ని కూర్చోలేదు, తలుపు దగ్గర నిలబడింది. ఒకటి, రెండు... ఎనిమిది. వేణువు పైనుంచి మెల్లగా జారింది. అది తన వేళ్లలోంచి వచ్చిందంటే ఆమెకే నమ్మబుద్ధి కాలేదు, అంత అందంగా ఉంది. మావయ్య కమ్మీ మీద చెయ్యి మార్చాడు. ఊపిరి తీశాడు. ఎడమకాలు వేశాడు. పది, పదకొండు, పన్నెండు. గొంతు ఎక్కడా తెగలేదు. పద్నాలుగో మెట్టు మీద ఆయన ఆ పెద్ద ముల్లుని అరచేత్తో నిమిరాడు. గడియారం నిద్రపోయింది. హాలంతా ఒక్క క్షణం నిజంగానే నిద్రపోయినట్టయింది. ఒక వయొలిన్ వాయించే పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు.

పిన్నికి ఏడుపూ సంతోషమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. ఏది ఏదో విడదీసే ఓపిక లేక రెండింటినీ అలాగే ఉంచుకుని, నడవలోకి వెళ్లి పియానో మీద దుప్పటి సరిగ్గా కప్పి, మేనేజరు చూపించిన చోట ఆఖరి జీతానికి సంతకం పెట్టి, పక్క తలుపు గుండా బయటికి వచ్చింది. ఇంకా ఎండ ఉంది. బస్సు ఖాళీగా వచ్చింది. కిటికీ పక్కన కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుంది. అవి కదలడం లేదు.

లోపల అందరూ టీకి వెళ్లారు. మావయ్య రంగు కడుక్కోకుండానే దిగి, ముందు నడవలోకి వెళ్లాడు. తిరిగొచ్చి గుంట దగ్గర వేణువు అమ్మాయిని, "పిన్ని ఏదమ్మా?" అని అడిగాడు.

"వెళ్లిపోయారు మావయ్యా. ఇప్పుడే."

"అది... ఆవిడ చెప్పిన ఆ ముక్క ఎక్కడుందో ఒకసారి చూపిస్తావా?"

ఆ అమ్మాయి స్టాండు మీది కాగితంలో ఒకచోట వేలు పెట్టి చూపించి, టీ తాగడానికి వెళ్లింది. చదవడం రాని ఆ చుక్కల్నీ గీతల్నీ ఆయన వంగి చాలాసేపు చూశాడు. అచ్చు వేసిన నల్లటి వరసల మధ్య నాలుగే నాలుగు పెన్సిలు స్వరాలు, కాస్త వంకరగా, చోటు చాలక ఇరుక్కుని ఉన్నాయి. వాటి పైన, వాయించేటప్పుడు గుర్తుండటానికి ఆ అమ్మాయి చిన్న అక్షరాలతో రాసుకుంది: పిన్ని.