గాలి ఆడని గది

ఆఫీసులో ఆమెను ఎదురుగా మేడమ్ అనేవారు, వెనక తేమమ్మ అనేవారు. పేరు పెట్టినవాళ్ళ తప్పేమీ లేదు. పాత ఫిల్ములు దాచిన గదికి ఆమె ఏళ్ళ తరబడి కాపలా. ఎవరైనా ఆ గది తలుపు తీసి కాస్త మాట్లాడుతూ నిలబడితే చాలు, "తేమ వచ్చేస్తుంది బాబూ, ముందు తలుపు వెయ్యండి!" అని లోపలి నుంచి కేక వినబడేది. తడి గొడుగుతో వరండాలోకి వచ్చినవాణ్ణి దొంగను చూసినట్టు చూసేది. రానురాను ఆ గదివైపు వచ్చేవాళ్ళే లేకుండా పోయారు.

ఆమె బాధ ఆమెది. ఒక వానాకాలం గోడ పైనున్న గాలి కంతల్లోంచి చెమ్మ దిగి ఒక అర మొత్తం బూజు పట్టింది. అది తుడిచేసరికి నడుము పడిపోయింది. ఆ కసితో స్టూలెక్కి కంతలన్నింటిలో స్పాంజి కుక్కి, పైన టేపు అంటించింది. అక్కడితో ఊరుకోకుండా ఫిల్ము డబ్బాల మూతల చుట్టూ కూడా టేపు చుట్టించింది. ఇక తేమ లాగే యంత్రం మూలన కూర్చుని గొణుగుతూ ఉంటుంది. దాని బకెట్టులో చేరిన నీళ్ళు పారబోయాలి, గోడమీది తేమ మీటరు చూడాలి, ముల్లు పచ్చగీత మీద ఉంటే హమ్మయ్య అనుకోవాలి. టేపు వేసిననాటి నుంచి ఆ ముల్లు గీత దాటలేదు. అంత బుద్ధిమంతులు మనుషుల్లో దొరకరని ఆమె అనుకునేది.

ఆమె ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళు ఇద్దరే. కోడలి భర్త, అంటే అత్తగారి ఒక్కగానొక్క కొడుకు, గుండె ఆగి పోయాడు. పిల్లలు లేరు. అత్తగారికి ఎనభై దాటాయి. చూపు మసకబారింది గానీ నోరు, ముక్కు చెక్కుచెదరలేదు. కోడలికి చూపు బాగానే ఉంది గానీ, ఆ మధ్య ఒక జ్వరం వచ్చి, పోతూ పోతూ వాసనను వెంట తీసుకుపోయింది. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. మీటరుండగా ముక్కుతో పనేముందిలే అనుకుంది.

"మళ్ళీ తెచ్చావా ఆ పులుపు కంపు? ముందు ఆ బట్టలు మార్చుకో," అనేది అత్తగారు, కోడలు గడపలో కాలు పెట్టీ పెట్టకముందే.

"చల్లటి గదిలో కూర్చునేదాన్ని, నాకు చెమటేంటి అత్తయ్యా?"

"నేను చెమటన్నానా? పులుపన్నాను. ఏం గదో ఏమో!"

కోడలు చెవిన వేసుకునేది కాదు. పొయ్యి మీద గిన్నె మాడుతోందని అత్తగారు అరిస్తే పరుగెత్తేది గానీ, ఈ మాట మాత్రం రోజూ ఉండే సణుగుడు కింద జమకట్టేసింది. పొద్దంతా పనిచేసి వచ్చిన మనిషికి ఇంట్లో మాటలన్నీ ఒకేలా వినబడతాయి. అదే ఆమె కొంప ముంచింది.

ఎందుకంటే ఆ గదిలో ఒక డబ్బాలో అత్తగారి కొడుకున్నాడు. అతను కాలేజీలో ఉన్నప్పుడు ఆటల పోటీలను ఎవరో ఫిల్ము తీశారు. అది తర్వాత ఈ గదికే చేరింది. ఫోటోలు ఇంట్లో బోలెడున్నాయి గానీ, అతను కదులుతూ కనబడేది ఆ పరుగు పందెం రీలులోనే. దాన్ని ఆడించే యంత్రం ఎప్పుడో పాడైంది. ఆ ఫిల్ములను కంప్యూటరులోకి ఎక్కించే యంత్రం వస్తుంది, వస్తుంది అని ఏళ్ళు గడిచాయి. "మావాడి వంతు ఎప్పుడే?" అని అత్తగారు అడుగుతూనే ఉంది. వచ్చే ఏడాదికి ఈ మాత్రం చూపైనా ఉంటుందని నేను చెప్పలేనమ్మా అనేశాడు కంటి డాక్టరు.

చివరికి యంత్రం అద్దెకు వచ్చింది. దాంతోపాటు దాన్ని నడిపే అమ్మాయి వచ్చింది. వారం రోజులుండి వెళ్ళిపోవాలి. తేమమ్మ గది తలుపు తీసి, గర్వంగా పక్కకి జరిగి దారిచ్చింది. ఆ అమ్మాయి ఒక అడుగు లోపలికి వేసి, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని వెనక్కి వచ్చేసింది.

"మేడమ్, ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"ఎలా ఉంది?"

"మీకు తెలియట్లేదా? వెనిగర్ సీసా ఒలికినట్టుంది. ఫిల్ము కుళ్ళుతుంటే వచ్చే ఆవిరి ఇది. ఒకటి మొదలెడితే, ఆ ఆవిరే పక్కదాన్ని కూడా కుళ్ళబెడుతుంది. గాలి మారుతూ ఉంటే కొంతైనా బయటికి పోయేది. ఈ గదిలో గాలి పోయే దారేది?"

తేమమ్మ తలెత్తి టేపు వేసిన కంతలవైపు చూసింది. మీటరు ముల్లు పచ్చగీత మీదే ఉంది. పులుపు, పులుపు అని అత్తగారు మొత్తుకున్నది దీన్ని గురించే. తను నడుము నొప్పితో స్టూలెక్కి మరీ ఈ పని చేసింది.

కొడుకు డబ్బా ముందు తీశారు. ఫిల్ము వంకర్లు తిరిగింది, పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

"దీన్ని మెల్లగా విడదీస్తూ చెయ్యాలి," అంది ఆ అమ్మాయి. "వారమంతా దీనికే పోతుంది. కొన్ని క్షణాల బొమ్మ దక్కొచ్చు, దక్కకపోనూ వచ్చు. మిగతావి చాలావరకు ఇప్పుడిప్పుడే వాసన పట్టాయి. ఇప్పుడు ఎక్కిస్తే బయటపడతాయి. మళ్ళీ ఈ యంత్రం వచ్చేదాకా ఆగుతాయని నేను చెప్పలేను. ఏది ముందు చెయ్యమంటారు?"

తేమమ్మ స్టూలు తెచ్చుకుని, ఎక్కి, టేపులన్నీ పీకేసింది. మధ్యలో రెండుసార్లు దిగి కూర్చుంది.

ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. అత్తగారు అంతా విని, "నేను చెబుతూనే ఉన్నాను కదే," అంది. అరవలేదు. తిట్టినా బాగుండేది.

"మీవాడిదే ముందు చేయిస్తానత్తయ్యా. మిగతావి ఏమైపోయినా సరే."

"రేపు నన్నూ తీసుకెళ్ళు," అంది అత్తగారు.

మర్నాడు ఆవిడను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, యంత్రం పెట్టిన గదిలో బల్ల పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. కొడుకు డబ్బా బల్లమీదే ఉంది. అత్తగారు తడుముకుని దానిమీద చెయ్యి వేసింది.

"ఇందులోనేనా?"

"ఇందులోనే."

"మిగతా డబ్బాల్లో ఎవరున్నారు?"

"ఎవరెవరో ఉన్నారత్తయ్యా. మిల్లు గేటు దగ్గర కూలీలు, నర్సులు, బడిపిల్లల డ్రిల్లు."

"ఆ బడిపిల్లలది ఎప్పటిది?"

"మీవాడి రీలు తర్వాత చాలా ఏళ్ళకి తీసింది."

"అయితే వాళ్ళ అమ్మలు బతికే ఉంటారు. కళ్ళు కూడా కనబడుతూ ఉంటాయి," అంది అత్తగారు. "ముందు అవి ఎక్కించమను."

"తర్వాత దీనికి టైముండదు అత్తయ్యా."

"నిన్న చెప్పావుగా. చెవులు బాగానే ఉన్నాయి నాకు."

యంత్రం దగ్గరి అమ్మాయి పని ఆపి వీళ్ళవైపు చూస్తోంది. అత్తగారి చెయ్యి ఇంకా డబ్బా మీదే ఉంది.

"ఆ పందెంలో వాడు ఆఖర్న వచ్చాడు, నీకు చెప్పాడా?"

చెప్పలేదు. అన్నేళ్ళ కాపురంలో ఆ ఊసే ఎత్తలేదు.

"అందరూ వచ్చేసి నీళ్ళు తాగుతున్నారు. జనం లేచి వెళ్ళిపోతున్నారు. వాడొక్కడే ఇంకా పరిగెడుతున్నాడు, నవ్వుకుంటూ. నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టాను. ఆ నవ్వు ఇంకొక్కసారి చూద్దామనే గానీ, గెలుపు కోసమా నా ఏడుపు?" అని, డబ్బా మీంచి చెయ్యి తీసేసింది. "తియ్యి దీన్ని, ఆ పిల్లకి అడ్డంగా ఉంది."

కోడలు రెండు చేతులతో డబ్బా తీసి పక్కన పెట్టింది. భర్త పోయిన రోజున కూడా ఈవిడ ముందు నిబ్బరంగా ఉన్న మనిషి, ఇప్పుడు బల్లకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తగారు ఊరుకోమనలేదు. పక్కనున్న కుర్చీని తడిమి, దగ్గరికి లాగి, "కూర్చో," అంది.