ఒక్క రోజు ఎక్కువ

అక్షరాలు నాకు జుట్టు నెరిశాక వచ్చాయి. చెయ్యి నెమ్మది, తప్పులు దొర్లుతాయి. సర్దుకుని చదవండి.

తాపీ పనివాడు పరంజా మీంచి పడి చనిపోయాక, అతని భార్యకు ఉద్యోగం ఇస్తామంది కట్టడాల ఆఫీసు. కాకపోతే లెక్కల పరీక్ష గట్టెక్కాలి. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ ఒక్క మార్కుతో తప్పింది. ఈసారీ తప్పితే ఉద్యోగం లేదు సరికదా, పిల్లలతో, అత్తతో తలదాచుకుంటున్న ఆఫీసువాళ్ల ఒంటిగది కూడా ఖాళీ చెయ్యాలి.

రేపు పరీక్ష అనగా మధ్యాహ్నం మరిది వచ్చి కూర్చున్నాడు. అన్నకు ఆఖరి రోజు దాకా ఇటుకలందించినవాడు. గచ్చు మీద సుద్దముక్కతో రాస్తూ చదివాడు.

"పదిమంది ఒక గోడని పది రోజుల్లో కడతారు. ఒక రోజయ్యాక ఒకడు మానేశాడు. మిగిలిన పనికి ఎన్ని రోజులు?"

ఆమె వేళ్లు మడిచి, పెదవులు కదిపి, "పదకొండు" అంది.

"పది వదినా! మిగిలింది తొంభై మంది ఒక్కరోజు పని, ఉన్నది తొమ్మిదిమంది. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. ఆ ఒక్కటి ఎక్కణ్ణించి తెస్తున్నావ్?"

"కూరలో ఉప్పూ అంతేరా, ఓ చిటికెడు ఎక్కువే," అంది మంచం మీంచి అత్త.

"భాగహారం నాకొచ్చులే అత్తా. మనిషి తగ్గిన రోజు పని ఆగుతుంది కదా, ఆ రోజు కలపొద్దూ?"

"ఎందుకాగుతుంది?" అన్నాడు మరిది.

"మీ అన్న పడ్డ రోజు ఆగలేదూ? మేస్త్రీ ఈ గుమ్మంలోనే నిలబడి చెప్పాడు, ఆ రోజు ఎవ్వరూ తాపీ ముట్టలేదమ్మా అని."

ఆ మాట పట్టుకునే ఆమె ఇన్నాళ్లూ నిలబడింది. పిల్లలకీ అదే చెప్పి నిద్రపుచ్చేది.

మరిది సుద్దముక్కను వేళ్ల మధ్య నలిపాడు.

"ఆపలేదు వదినా. కలిపిన సిమెంటు గట్టిపడిపోతుందన్నాడు మేస్త్రీ. అన్న మీద పరదా పట్టా కప్పి పక్కకి జరిపాం. తీసుకెళ్లే బండి వచ్చేసరికి పొద్దు వాలింది. ఈలోపు గోడ నాలుగు వరసలు లేచింది."

"నువ్వూ?"

"ఇటుకలందించింది నేనే."

అత్త గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె తడిగుడ్డ తెచ్చి గచ్చు మీది లెక్క తుడిచేసి, "ఇంకోటి వెయ్యి," అంది.

పరీక్షలో గోడ బదులు కాలవ వచ్చింది. పన్నెండుమంది పది రోజుల్లో తవ్వుతారు, నాలుగు రోజులయ్యాక ముగ్గురు మానేశారు. కింద ఇచ్చిన జవాబుల్లో ఎనిమిదీ ఉంది, తొమ్మిదీ ఉంది. ఆమె ఎనిమిది మీద గుర్తు పెట్టింది.

ఉద్యోగం వచ్చింది. పిల్లలకు మాత్రం, నాన్న పోయిన రోజు పని ఆగిందనే చెబుతూ వచ్చింది.

— బుజ్జక్క, అరవై ఆరేళ్లు. ఇప్పుడు ఉండేది కూతురింట్లో, మెట్ల కింది గదిలో.